రంగు మీద మెషీన్ పెట్టేముందు

(సొంత కారుకు తామే పాలిష్ చేసుకోవాలనుకునేవాళ్ళకూ, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళకూ విజయవాడలో ఇచ్చిన ప్రసంగం. సభలోని వారు అడిగిన ప్రశ్నలను వచ్చిన చోటే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఈ బల్ల మీదున్న బానెట్ మీకు దగ్గరగా కనపడాలి.

దీన్ని ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లో కొన్నాను. నల్ల రంగు. హాల్లో లైట్లు తీసేసి ఈ టార్చి ఒక్కటే వేస్తాను, చూడండి. వెలుగు పడ్డ చోట చుట్టూ వలయాలు వలయాలుగా సన్న గీతలు కనపడుతున్నాయి కదా? టార్చిని పక్కకు జరుపుతున్నాను. వలయం కూడా దాంతోపాటే జరిగింది. అంటే గీతలు గుండ్రంగా లేవు. అన్ని దిక్కులా అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. వాటిలో వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి మన కంటికి వలయంలా తోస్తుంది. తెల్ల కారు మీదా ఇన్నే గీతలుంటాయి. నలుపు మీద చెదిరిన వెలుగు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, తెలుపులో కలిసిపోతుంది, అంతే.

ఇవి పోవాలంటే ఏం చేయాలి? చాలామంది పాలిష్ అంటే పైన ఏదో పూయడం అనుకుంటారు. పూసేది వ్యాక్స్, పూసేది కోటింగ్. పాలిష్ అంటే తీసేయడం. పాత ఇళ్ళలో మొజాయిక్ గచ్చుకు పాలిష్ పట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. మెషీన్ కింద ముందు గరుకు రాయి బిగిస్తారు, తర్వాత నంబరు పెంచుకుంటూ సన్న రాళ్ళకు వస్తారు. గచ్చు మీద ఎవరూ మెరుపు పూయలేదు. ఎత్తుపల్లాలు అరిగి సమం అయ్యేసరికి వెలుగు చెదరకుండా తిరిగొస్తోంది. కారు రంగు మీద జరిగేదీ అదే. గీత ఒక సన్న కాలువ. దాన్ని పూడ్చలేం. దాని చుట్టూ ఉన్న పొరను గీత అడుగు దాకా దించుతాం. ఒక్క తేడా ఏమిటంటే, గచ్చులో అరగదీయడానికి మిల్లీమీటర్లు ఉంటాయి. ఇక్కడ మనకున్నవి మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు.

ఎన్ని మైక్రాన్లో చెప్తాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. ఫ్యాక్టరీలో రేకును శుభ్రం చేసి, ఫాస్ఫేట్ పట్టించి, పెద్ద తొట్టిలో ముంచి కరెంటుతో తొలి పొర ఎక్కిస్తారు. దాన్ని ఈ-కోట్ అంటారు, సుమారు 20 మైక్రాన్లు. తుప్పును ఆపేది ఇదే. దాని మీద ప్రైమర్ 30, 35. ఆ మీద అసలు రంగు, అంటే బేస్ కోట్, 15 నుంచి 20. అన్నిటికన్నా పైన క్లియర్ కోట్. దానికి రంగు ఉండదు, మెరుపు మాత్రం దానిదే. అది 35 నుంచి 50. అన్నీ కలిపినా మిల్లీమీటరులో పదో వంతు చుట్టుపక్కలే ఉంటుంది. కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి కొంత అటూ ఇటూ.

ఈ 35, 50 మైక్రాన్లన్నీ మనవేనా అంటే కాదు. ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు లోపలి రంగును పాడుచేయకుండా ఆపే రసాయనాలు ఈ క్లియర్ కోట్‌లోనే ఉంటాయి. దాన్ని పలచన చేస్తే మెరుపు ఆ రోజుకు బాగానే ఉంటుంది. కొన్నేళ్ళకు రూఫ్ మీద, బానెట్ మీద తెల్లగా పాలిపోయి పొలుసులు లేస్తాయి. ఆ పొలుసులు లేచాక ఏ పాలిషూ పనికిరాదు, మళ్ళీ పెయింట్ వేయాల్సిందే. అందుకే బండి జీవితకాలం మొత్తంలో క్లియర్ కోట్ నుంచి ఎనిమిది, పది మైక్రాన్లకు మించి తీయకూడదని ఈ పనిలో జాగ్రత్తగా ఉండేవాళ్ళు ఒక హద్దు పెట్టుకుంటారు. మామూలు సన్న గీతలు తీయడానికి ఒకటి రెండు మైక్రాన్లు చాలు. గట్టిగా కోత పెడితే నాలుగైదు పోతాయి. ఇక లెక్క మీరే వేసుకోండి. ఏటా దీపావళికి బండి మెరవాలని రబ్బింగ్ పెట్టించేవాళ్ళున్నారు. ఆ బండ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, మన పెద్ద మేస్త్రీలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లాకర్ రకం పెయింట్ తెచ్చింది. జనరల్ మోటార్స్ వాళ్ళు ఓక్లాండ్ కారుకు మొదట వేశారు. అప్పటిదాకా రంగు ఆరడానికి వారాలు పట్టేది, అది గంటల్లోకి వచ్చింది. అయితే ఆ లాకర్‌కు మెరుపు రావాలంటే రుద్దాల్సిందే. రుద్దడం పెయింటింగ్‌లో భాగమే అయిపోయింది. తర్వాత చాలాకాలం వచ్చిన ఎనామెల్ బండ్లకు కూడా విడిగా క్లియర్ కోట్ లేదు. మన పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు ఎక్కువగా అలాంటివే. రుద్దితే గుడ్డకు రంగు అంటేది. ఎండకు మాసిన పై పొర పోయి కింద కొత్త రంగు తేలేది. షెడ్డులో వేసిన పెయింట్ మందంగా ఉండేది కూడా. ఆ బండ్ల మీద ఉన్ని ప్యాడ్, రోటరీ మెషీన్, గరుకు రబ్బింగ్ కాంపౌండ్ చక్కగా పనిచేశాయి. 1980ల నుంచి ప్రపంచమంతా బేస్ కోట్, క్లియర్ కోట్ పద్ధతికి మారింది. బండి మారింది, పొర పలచబడింది, చెయ్యి మాత్రం అదే ఊపులో ఉంది. చిక్కంతా అక్కడే.

ఇక మెషీన్ల సంగతి. ఈ బల్ల మీద రెండున్నాయి. ఎడమ చేతి వైపున్నది రోటరీ. మోటారు ప్యాడ్‌ను ఒకే ఇరుసు మీద గిర్రున తిప్పుతుంది. 150 మిల్లీమీటర్ల ప్యాడ్ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు సుమారు 12 మీటర్ల వేగంతో పోతుంది. నడిమధ్యలో వేగం సున్నా. అంటే అంచు దగ్గర కోతా, వేడీ రెండూ ఎక్కువే. మీరు నొక్కినా అది ఆగదు. ఒక్కచోట రెండు మూడు సెకన్లు ఎక్కువ నిలిపితే, అదీ బాడీ లైన్ మీద, అంటే రేకు మడత తేలిన గట్టు మీద అయితే, క్లియర్ కోట్ దాటి రంగులోకి దిగిపోవచ్చు. అంత దూరం పోకపోయినా చేతి పట్టు సరిగ్గా లేకపోతే ఎండలో నీడల్లాంటి చారలు కనపడతాయి, వాటిని హోలోగ్రామ్‌లంటారు. షోరూం నుంచి అప్పుడే వచ్చిన కొత్త బండి మీద కూడా కొన్నిసార్లు చూస్తాం. రోటరీ చెడ్డ మెషీన్ అని నేను అనను. చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గర అది అద్భుతంగా పనిచేస్తుంది. మొదటి మెషీన్‌గా మాత్రం వద్దు.

కుడి వైపున్నది డ్యూయల్ యాక్షన్, అందరూ డీఏ అంటారు. ఇందులో ప్యాడ్ పెద్దగా కాకుండా ఒక చిన్న వలయంలో ఊగుతుంది, ఆ ఊపుకే తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది. ఆ తిరుగుడుకు మోటారుతో నేరుగా బిగింపు లేదు, బేరింగ్ మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. గట్టిగా నొక్కినా, ప్యాడ్‌ను ఏటవాలుగా పట్టినా తిరుగుడు ఆగిపోయి ఒట్టి ఊపు మిగులుతుంది. కొత్తవాళ్ళకు కాపుదల అదే. పొరపాటు చేస్తే మెషీన్ పని మానేస్తుంది, రంగును తినేయదు. ఆ వలయం వెడల్పును త్రో అంటారు. 8, 15, 21 మిల్లీమీటర్లలో దొరుకుతాయి. 21 పెద్ద బానెట్ మీద, రూఫ్ మీద వేగంగా పనిచేస్తుంది, వంపుల మీద తొందరగా ఆగిపోతుంది. 8 ఎక్కడైనా నడుస్తుంది, కాస్త ఎక్కువసేపు పడుతుంది, చేతికి అదురూ ఎక్కువ. ఒక్కటే కొనేవాళ్ళు 15 తీసుకోండి, 5 అంగుళాల బ్యాకింగ్ ప్లేట్‌తో, అంటే ప్యాడ్ అంటించే పళ్ళెంతో. గేర్లతో బలవంతంగా తిప్పే డీఏలు కూడా ఉన్నాయి, అవి ఆగవు. వాటి మాట ఇవాళ వద్దు.

కొన్నాక చేయాల్సిన మొదటి పని: బ్యాకింగ్ ప్లేట్ అంచు మీద మార్కర్‌తో ఒక నల్ల గీత పెట్టండి. పని చేస్తున్నప్పుడు ఆ గీత తిరుగుతూ కనపడాలి. నిలిచిపోయిందంటే ఎక్కువ నొక్కుతున్నట్టు, లేకపోతే ప్యాడ్ చదునుగా ఆనలేదన్నట్టు. ఎంత నొక్కాలి అని అందరూ అడుగుతారు. ఆ గీతే చెప్తుంది.

ప్యాడ్ల గురించి పెద్దగా చెప్పను. ఉన్ని ఎక్కువ కోస్తుంది, మైక్రోఫైబర్ దాని తర్వాత, ఫోమ్ అన్నిటికన్నా మెత్తన. ఫోమ్‌లో మళ్ళీ గట్టివి, మధ్యరకం, మెత్తవి ఉంటాయి. రంగును చూసి కొనకండి. ఒక కంపెనీ పసుపు ఇంకో కంపెనీ పసుపుతో సమానం కాదు. మొదటిసారికి మధ్యరకం ఫోమ్ ప్యాడ్లు నాలుగు, మెత్తవి రెండు ఉంటే కారంతా అయిపోతుంది. ఒక్క ప్యాడ్‌తో బండంతా చేద్దామనుకోవద్దు. కాంపౌండ్‌తో తడిసి వేడెక్కిన ప్యాడ్ కోయదు.

కాంపౌండ్ అంటే ఎక్కువగా అల్యూమినియం ఆక్సైడ్ పొడిని నూనెలూ నీళ్ళతో కలిపిన ముద్ద. కొన్నిట్లో ఆ రేణువులు రుద్దేకొద్దీ విరిగి సన్నబడతాయి. అలాంటివి మధ్యలో ఆపితే గరుకు గీతలు మిగిలిపోతాయి, పూర్తి చుట్లు వేయాలి. కొన్నిట్లో రేణువు మొదటి నుంచీ ఒకే సైజులో ఉంటుంది, ఎంతసేపు రుద్దాలన్నది మన చేతిలో ఉంటుంది. మీరు కొన్నది ఏదో డబ్బా మీద చదివి తెలుసుకోండి.

(ఒక శ్రోత: అన్నా, జర్మన్ బండ్లకు గట్టి క్లియర్ కోట్, జపాన్ బండ్లకు మెత్తది అంటారు కదా, దాన్ని బట్టి కాంపౌండ్ కొనొచ్చా?)

కొనొద్దు తమ్ముడూ. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ నీ ముందున్న బండి డోరుకు ఎప్పుడో గుద్దు తగిలి మళ్ళీ పెయింట్ వేసి ఉంటే? ఫ్యాక్టరీలో క్లియర్ కోట్‌ను సుమారు 140 డిగ్రీల దగ్గర కాలుస్తారు. షెడ్డులో అలా కాల్చలేం. బండిలో ప్లాస్టిక్, వైరింగ్, రబ్బరు అన్నీ ఉంటాయి కాబట్టి 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టే వేరే రకం పెయింట్ వేస్తారు. దాని గుణం వేరు. ఒకే బండిలో ముందు డోరు గట్టిగా, వెనక డోరు మెత్తగా ఉండొచ్చు. బ్రాండ్ పేరు నీకేమీ చెప్పదు. టెస్ట్ స్పాట్, అంటే ముందు చిన్న చోట చేసి చూసుకోవడం, అది చెప్తుంది. దానికే వస్తున్నా.

దానికి ముందు కడగడం ఉంది. ఇక్కడ బద్ధకిస్తే మిగతాదంతా వృథా. దుమ్ము మీద మెషీన్ పెడితే కొత్త గీతలు మనమే వేసినట్టు. నీళ్ళు కొట్టి దుమ్ము దించాలి, షాంపూతో కడగాలి. సర్ఫ్ వద్దు. తర్వాత ఒక ప్లాస్టిక్ కవర్ చేతికి తొడుక్కుని రంగు మీద మెల్లగా రాయండి. కవర్‌లోంచి చిన్న రేణువు కూడా వేలికి తెలుస్తుంది. గరుకుగా ఉందంటే పైన ఏదో దిగబడి ఉంది. బెజవాడలో రైలు పట్టాల పక్క నిలిపే బండ్లకు ఇనుప రజను పడుతుంది. రైలు చక్రాలూ, బ్రేకులూ అరిగిన పొడి అది. ఐరన్ రిమూవర్ కొడితే ఊదా రంగు తిరిగి కారుతుంది. మిగిలిన గరుకుకు క్లే బార్, అంటే రేణువుల్ని పట్టి లాగే మెత్తటి మట్టి లాంటి ముద్ద. నీళ్ళలో షాంపూ కలిపి చిలకరిస్తూ, నొక్కకుండా జరపాలి. ఆ ముద్ద కింద పడితే పారేయండి, కడిగి వాడొద్దు.

బోరు నీళ్ళ మరకలు వేరే కథ. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. ఎండలో నీటి చుక్క ఆరితే ఆ ఉప్పు తెల్లటి వలయంగా మిగులుతుంది. కొత్త మరకైతే పలచటి వెనిగర్ నీళ్ళతో తుడిచి, వెంటనే మంచినీళ్ళతో కడిగేస్తే పోతుంది. పాతబడితే క్లియర్ కోట్‌ను తినేసి గుంట చేస్తుంది. అప్పుడు పాలిషే గతి, అది కూడా గుంట లోతుగా లేకపోతేనే. పిట్ట రెట్ట కూడా అంతే. మన ఎండల్లో ఒక్క రోజు వదిలేస్తే మచ్చ పడొచ్చు.

కడిగి ఆరబెట్టాక ప్లాస్టిక్ అంచులకు, రబ్బరుకు, బ్యాడ్జీలకు, బాడీ లైన్ల మీద మాస్కింగ్ టేప్ వేయండి. బాడీ లైన్ మీద టేప్ ఎందుకంటే, వేసేటప్పుడే పెయింట్ అక్కడి నుంచి కిందకు జారి పొర పలచగా ఉంటుంది. మెషీన్ బరువంతా కూడా ఆ సన్న గట్టు మీదే పడుతుంది. రెండు కారణాలూ కలిసి తొందరగా తెగేది అక్కడే.

సరే, ఇప్పుడు చూడండి. బానెట్ మధ్యలో టేప్‌తో ఒకటిన్నర అడుగుల చదరం గీశాను, ఇదే మన టెస్ట్ స్పాట్. నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మెత్తటి ప్యాడ్, అన్నిటికన్నా సన్న పాలిష్ తీసుకున్నాను. గీతలు లోతుగా ఉన్నాయి, దీంతో పోవని మీలో కొందరు అనుకుంటుండొచ్చు. పోకపోతే నష్టం లేదు, ఒక మెట్టు పైకి వెళ్తాం. మొదటే గరుకుదానితో మొదలుపెడితే, సన్నదాంతో పోయేదేమో అన్నది ఎప్పటికీ తెలియదు. పోయిన పొర తిరిగి రాదు.

ప్లగ్ తీసి ఉన్నప్పుడే ప్యాడ్ బిగించాను. కొత్త ప్యాడ్ కాబట్టి మొదటిసారి పాలిష్‌ను వేలితో ముఖమంతా పలచగా పట్టించాను. తర్వాత నుంచి శనగగింజంత చుక్కలు నాలుగు చాలు. కేబుల్ భుజం మీదుగా వెనక్కి. కళ్ళద్దాలు పెట్టుకున్నాను. వదులు చొక్కా, మెడలో గొలుసు, చున్నీ ఉంటే ముందే సర్దుకోండి. ప్యాడ్ రేకుకు పూర్తిగా ఆనిన తర్వాతే స్విచ్. గాల్లో స్విచ్ వేస్తే పాలిష్ మీ మొహాన పడుతుంది.

స్పీడు డయల్ ఒకటి మీద పెట్టి చదరమంతా పరిచాను. ఇప్పుడు నాలుగున్నర దగ్గర పెడుతున్నాను. నా చెయ్యి ఎంత మెల్లగా పోతోందో చూడండి. సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లు. గచ్చు తుడుస్తున్నట్టు గబగబా జరిపితే ప్యాడ్ ఎక్కడా పనిచేయదు. ఎడమ నుంచి కుడికి ఒక వరస, తిరిగి వచ్చేటప్పుడు ముందు వరసను సగం కప్పుతూ ఇంకో వరస. చదరం కింది దాకా అలా. తర్వాత పైనుంచి కిందకు, అదే పద్ధతి. అడ్డమూ నిలువూ కలిపితే ఒక చుట్టు. ఇలాంటివి నాలుగు.

ఆపేటప్పుడు కూడా ప్యాడ్ రేకు మీద ఉండగానే స్విచ్ తీసి, తిరుగుడు ఆగాక ఎత్తండి. చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది. అరచెయ్యి ఆనించలేనంత వేడెక్కితే ఆపేయాలి. ఇనుప రేకు వేడిని చుట్టూ పంచేస్తుంది. ప్లాస్టిక్ బంపర్ పంచదు, ఉన్నచోటే మెత్తబడుతుంది. అందుకే బంపర్ మీద స్పీడు తగ్గించి, చుట్లు తగ్గించి చేయాలి. ఇక ఎండలో నిలిపిన బండి మీద పని మొదలుపెట్టే ఆలోచనే వద్దు. కాంపౌండ్ పెట్టీపెట్టకముందే ఎండిపోయి పొడి రేగుతుంది. వేసవిలో తెల్లవారుజామున నీడపట్టున చేసుకోండి.

ఇప్పుడు మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచాను. వెంటనే సంతోషపడకండి. పాలిష్‌లో ఉండే నూనెలు గీతల్లోకి దిగి వాటిని కప్పేస్తాయి. ఇప్పుడు నున్నగా కనపడింది వారం తర్వాత నాలుగు వానలకు మళ్ళీ తేలుతుంది. అందుకే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను ఎక్కువ నీళ్ళలో కలిపి, ఈ సీసాలో ఉన్నట్టు పలచగా చేసుకుని, చల్లి తుడవాలి. నూనె పోయాక మిగిలిందే నిజం. లైట్లు తీయండి. టార్చి.

చూశారా? టేప్ అవతల వలయాలు అలాగే ఉన్నాయి. లోపల చాలావరకు పోయాయి. దగ్గరకొచ్చి చూస్తే లోతు గీతలు మూడు నాలుగు మిగిలాయి. ఇక్కడ మీరొక నిర్ణయం తీసుకోవాలి. ఆ మూడు గీతల కోసం చదరం మొత్తాన్ని ఇంకో మూడు మైక్రాన్లు దించాలా? సొంత బండికి నేనైతే దించను. వాటి అంచులు గుండ్రబడ్డాయి, రెండడుగుల దూరం నుంచి కనపడవు. పోటీకి పెట్టే బండి కాదు, రోజూ ఆఫీసుకు వెళ్ళే బండి.

మెత్తది సరిపోకపోతే ముందు పాలిష్ మార్చకుండా ప్యాడ్ మార్చండి. అదీ చాలకపోతే అప్పుడు పాలిష్ కన్నా గరుకైన కాంపౌండ్. ఒకసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. కుదిరిన జత దొరికాక దాంతోనే బండంతా. ప్రతి చదరం తర్వాత ప్యాడ్‌ను గట్టి బ్రష్‌తో దులపండి. ఈ ఒక్క అలవాటుతో పనిలో సగం తేడా వస్తుంది.

(ఒక శ్రోత: వేలిగోరు తగిలే గీత పోతుందా అండీ?)

పోదండీ. గోరు ఆగుతోందంటే అది క్లియర్ కోట్‌లో చాలా లోతుకు పోయింది, కొన్నిసార్లు రంగు దాకా. దానికి టచప్ వేయించి వదిలేయడం మంచిది. ఎమరీ కాగితం పెట్టి తడిపి రుద్దే వీడియోలు చూసి ఇంట్లో ప్రయత్నించకండి. అలాగే మ్యాట్ పెయింట్ ఉన్న బండికి మెషీన్ తాకించనే కూడదు, ఎక్కడ రుద్దితే అక్కడ మెరిసి మచ్చలా ఉండిపోతుంది, వెనక్కి తేలేం. రంగును కాపాడే పారదర్శక ఫిల్మ్, అదే పీపీఎఫ్, వేయించిన బండికి కూడా కాంపౌండ్ వద్దు.

(ఒక శ్రోత: మందం కొలిచే మీటర్ అందరూ కొనాలా?)

సొంత బండికే అయితే ఒకరోజు ఎవరి దగ్గరైనా తెచ్చి కొలుచుకోండి, సరిపోతుంది. అయితే అది ఏం చెప్తుందో తెలియాలి. మామూలు మీటర్ రేకు పైనుంచి మొత్తం మందం చెప్తుంది. అందులో క్లియర్ కోట్ ఎంతో విడిగా చెప్పదు. 110 మైక్రాన్లు చూపించిందంటే ఫ్యాక్టరీ పెయింట్ అని అనుకోవచ్చు. పక్క డోరు 250 చూపిస్తే దానికి మళ్ళీ పెయింట్ వేశారు. ఎక్కడైనా వెయ్యి దాటితే కింద పుట్టీ ఉన్నట్టే. మందం ఎక్కువ ఉంది కదా అని ఆ డోరును ఎక్కువ రుద్దొచ్చనుకోవద్దు. పైన వేసిన క్లియర్ కోట్ పలచగానే ఉండొచ్చు. అసలు భయపడాల్సింది చుట్టూ 110 ఉండి ఒకచోట 75 చూపించినప్పుడు. అంటే మీకంటే ముందు ఎవరో అక్కడ గట్టిగా రుద్దారు. అక్కడ వ్యాక్స్ పెట్టి వచ్చేయండి. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ మీటర్ పనిచేయదు.

(ఒక శ్రోత: సెరామిక్ కోటింగ్ వేయిస్తే ఇవేమీ అవసరం లేదంటున్నారు...)

కోటింగ్ గీతను తీయదమ్మా. ఉన్నదాన్ని ఉన్నట్టు మూసిపెడుతుంది. గీతలున్న బండికి కోటింగ్ వేస్తే గీతలకు కూడా వేసినట్టే. ముందు పాలిష్, తర్వాత కోటింగ్. అది వేశాక కడగడం తేలికవుతుంది, మరకలు తొందరగా దిగవు, ఆ మేరకు మంచిదే. గీతలే పడవని ఎవరైనా చెప్తే నమ్మకండి.

గీతలు ఎలా పడతాయో కూడా చెప్పాలి, లేకపోతే ఇవాళ తీసింది ఆరు నెలల్లో తిరిగొస్తుంది. అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే బండి తుడిచే కుర్రాడు ఉంటాడు. ఒక బకెట్ నీళ్ళు, ఒక గుడ్డ. వరసగా బండ్లన్నీ వాటితోనే. మొదటి బండి చక్రాల మట్టి ఆఖరి బండి బానెట్ మీదకు వస్తుంది. అతన్ని కోప్పడి లాభం లేదు. నెలకు మనమిచ్చే ఆ కొద్ది డబ్బుకు అంతకన్నా ఎలా చేస్తాడు? మన బండికి మన మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు అతనికి ఇవ్వండి. పొడి దుమ్మును గుడ్డతో, డస్టర్‌తో తుడవొద్దని చెప్పండి. రోజూ అద్దాలు తుడిస్తే చాలు, బాడీ జోలికి వెళ్ళొద్దని, దానికీ అంతే డబ్బు ఇస్తానని చెప్పండి. చాలా బండ్లలో గీతల మొదలు అక్కడే ఆగిపోతుంది. వారానికో పది రోజులకో మీరే రెండు బకెట్లతో కడుక్కోండి, ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించే నీళ్ళు. ఆ గుడ్డల్ని మామూలు బట్టలతో కలిపి ఉతకొద్దు, కంఫర్ట్ లాంటివి పోయొద్దు. కింద పడ్డ గుడ్డ ఇక చక్రాలకే.

(ఒక కుర్రాడు: సార్, నేను షాపు పెడదామనుకుంటున్నా. ఎక్కడ మొదలుపెట్టాలి?)

ముందు ఇలాంటి పాత బానెట్లు రెండు మూడు కొనుక్కో. వేరు వేరు రంగులవి, ఒకటి ఫ్యాక్టరీ పెయింట్, ఒకటి షెడ్డు పెయింట్. ఒకదాన్ని కావాలనే అంచు దగ్గర రుద్దుతూ పో. క్లియర్ కోట్ పోయి బేస్ కోట్ తేలేదాకా రుద్దు. ఎంతసేపు పట్టింది, ముందు ఏం కనపడింది, ప్యాడ్‌కు రంగు ఎప్పుడు అంటింది, ఇవన్నీ కళ్ళారా చూడు. ఆ హద్దు ఎక్కడుందో చేతికి తెలియకుండా ఇంకొకరి బండి ముట్టుకోకూడదు. మెటాలిక్ కాని మామూలు రంగుల్లో ప్యాడ్‌కు రంగు అంటితే క్లియర్ కోట్ లేని బండేమో కూడా చూసుకో, కంగారుపడకుండా ఆపి తెలుసుకో.

తర్వాత ఒక మీటర్ కొను. బండి వచ్చిన వెంటనే యజమానిని పక్కన పెట్టుకుని ఒక్కో ప్యానెల్‌కు నాలుగైదు చోట్ల కొలిచి కాగితం మీద రాయి. పని అయ్యాక అవే చోట్ల మళ్ళీ కొలిచి పక్కన రాయి. తేదీ వెయ్యి, ఏ ప్యాడ్, ఏ కాంపౌండ్ వాడావో రాయి. ఒక కాపీ నీ దగ్గర, ఒకటి ఆయన చేతికి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాగితాలతో పాటు బండిలోనే పెట్టుకోమను. మూడేళ్ళ తర్వాత ఆ బండి ఎవరు కొన్నా, ఏ షాపుకు వెళ్ళినా, మెషీన్ పట్టుకున్నవాడికి ఇంకా ఎంత మిగిలిందో ముందే తెలుస్తుంది.